డాక్టరమ్మ తీర్థం పుచ్చుకుంది

నా తెలివి మీద మీకింకా నమ్మకం ఉంటే ఇది వినండి, పోతుంది!

దక్షిణాఫ్రికాలో కొత్త ప్రభుత్వం వచ్చాక డాక్టర్లు కావాలన్నారని కాకినాడ నుంచి వచ్చి పోర్ట్ షెప్‌స్టోన్‌లో పడ్డాను. ఏడాదైంది. ఆస్పత్రిలో అంతా ఇంగ్లీషు, జులు. తెలుగు మాట్లాడాలంటే నాకు అద్దమే దిక్కు. అమ్మ గొంతు ఆదివారం ఫోన్లో మూడు నిమిషాలు, అంతే.

ఈస్టర్ సెలవుల్లో ఇక్కడ అమ్మవారి జాతర. డర్బన్, ఫీనిక్స్ నుంచి బస్సులకొద్దీ జనం. నది నుంచి కలశంతో నీళ్లు తెచ్చి, వాటినే తీర్థంగా ఇస్తారు. ఈసారేమో నది పక్క ఊళ్లలో ఒకటే విరేచనాలు! జనం ఆ నీళ్లు తాగకుండా చూసే పని నా నెత్తిన పడింది.

గుడి పెద్ద అచ్చమ్మ మామ్మ. వాళ్ల తాతలు ఎప్పుడో మన వైపు నుంచే ఇక్కడి చెరకు తోటల్లో పనికి వచ్చారు. "అమ్మ నీళ్లు. సిక్‌నెస్ ఎట్టా వచ్చేది?" అని మూడు మీటింగులు నన్ను తిప్పింది. చివరికి, "నదినీళ్లు పూజకి. తీర్థం కాచిన నీళ్లు. నువ్వే మైకులో చెప్పు" అంది.

జాతర మొదటి రోజు అరగంట దంచాను. "నదినీళ్లు చుక్క కూడా నోట్లో పోసుకోవద్దు!" చప్పట్లు. వేదిక దిగి గుడిలోకి వెళ్లానో లేదో, మామ్మ అలవాటుగా కలశంలోని నీళ్లే ఉద్ధరిణెతో అందించింది.

"ఇందా, పిల్లా."

ఏడాది తర్వాత నన్నొకరు పిల్లా అన్నారండీ! కుడిచెయ్యి దానంతటదే ముందుకొచ్చింది. తాగేశాను. తడిచెయ్యి తలకి రాసుకున్నాను కూడా. ఎడంచేతిలో మైకు ఇంకా అలాగే ఉంది!

"డాక్టరే తాగిందిగా!" అంటూ జనం ఎగబడ్డారు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. మామ్మ కలశం మీద చెయ్యి పెట్టేసి, "ఆగండి. రేపు డాక్టర్ ఎట్టా ఉందో చూసి" అంది.

తెల్లారేసరికి డాక్టర్ బాత్రూంలో ఉంది.

మామ్మ మైకందుకుంది. "డాక్టర్ కడుపు ఫినిష్! రివర్ వాటర్ నో!" కాచిన నీళ్ల డ్రమ్ముల ముందు క్యూ గుడి దాటిందట.

సాయంత్రం గంజి పట్టుకుని మా క్వార్టర్స్‌కి వచ్చింది. "ఎర్రిమొకమా! సదువు ఉంది, బుర్ర లేదు!" అని తిడుతూ తాగించింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. అచ్చం మా అమ్మే.

మర్నాటికే తగ్గిపోయింది. కానీ నాకింకా నీరసంగానే ఉందని మామ్మకి మాత్రం ఇంకో నాలుగు రోజులు కబురు పంపుతూనే ఉన్నాను.