నిద్రలో పారిన నది

నీళ్ళు లేని ఊరికి నోటితోనే ఒక నదిని పారించి, ఆ ఊరికి రాబోతున్న నీళ్ళను కూడా దాదాపు ఆపేసిన ఘనుణ్ణి నేను. ఎనభైల మొదట్లో, మిషిగన్‌లోని ట్రాయ్‌లో జరిగిన ఘోరమిది. తప్పంతా నాదేనని అందరూ అంటారు. అననివ్వండి. అసలు గొడవ దేవసహాయం గారి ‘ఆమెన్’తో మొదలైంది.

దేవసహాయం గారు మా తెలుగు సంఘానికి పెద్ద. ఒక అమెరికన్ చర్చి వాళ్ళ హాల్లో ఆదివారం మధ్యాహ్నాలు ఆరాధన చేసుకునేవాళ్ళం. ఆ ఏడు క్రిస్మస్‌కి ప్రార్థన నాకిచ్చారు. నేనింకా భూమి సృష్టి దగ్గరే ఉన్నాను, ఆయన గట్టిగా “ఆమెన్” అనేశారు. సభంతా “ఆమెన్” అంది. బిర్యానీ ట్రేల మూతలు లేచాయి. దేవుడితో మాట్లాడుతున్న మనిషి చేతిలోంచి ఫోన్ లాక్కుని పెట్టేయడం కాదూ ఇది? మీరే చెప్పండి.

అందుకే, గ్వాటెమాలాలో ఒక చిన్న మునిసిపాలిటీకి మంచినీటి పైపు వేయించే విషయం తేల్చడానికి సంఘం కూడుతోందని తెలియగానే ఫోన్ చేసి, ఆ ఊరి గురించి మాట్లాడే పని నేనే అడిగి పుచ్చుకున్నాను. (ఊరి పేరు చెప్పను. వాళ్ళు నన్ను ఇప్పటికే చాలినంత గుర్తుపెట్టుకున్నారు.)

“షార్ట్‌గా బ్రదర్,” అన్నారు దేవసహాయం గారు.

“చూస్తారుగా,” అన్నాను.

శనివారం లైబ్రరీకి డ్రైవ్ చేశాను. బయట మంచు, ఆకాశంలో ఎవరో కునుకుతూ దూది ఏకుతున్నట్టు రాలుతోంది. లోపల హీటర్ పక్కన మెత్తటి కుర్చీ. ఎన్‌సైక్లోపీడియాలో ఊరు దొరికింది. అగ్నిపర్వతం ఒడిలో కాఫీ తోటలు, స్పెయిన్ వాళ్ళు కట్టిన తెల్లటి చర్చి, దాని పక్కనే నది. కాఫీ పూలకు మల్లెల వాసన ఉంటుందట. ఆ వాక్యం దగ్గర నా కళ్ళు మూతపడ్డాయి.

ఇక నేనే ఆ ఊళ్ళోకి వెళ్ళిపోయాను. నది ఒడ్డున నడిచాను. తెల్లపూలు నీళ్ళమీద రాలి, తొందరేమీ లేనట్టు సాగిపోతున్నాయి. బట్టలుతుకుతున్న ఆడవాళ్ళు జరిగి దారిచ్చారు. చర్చి గంట నీటి అడుగునుంచి మోగుతున్నట్టుంది. అక్కడ చాలాసేపు ప్రార్థన చేశాను. ఎవరూ ఆమెన్ అనలేదు.

లైబ్రరీ ఆవిడ భుజం తట్టి, మూసేస్తున్నామంది. పేజీలో కింది సగం మిగిలిపోయింది. ఆ కాస్తలో ఏముంటుందిలే అనుకున్నాను.

మర్నాడు హాలు నిండింది. ముందు వరసలో దేవసహాయం గారి భార్య సులోచన గారు, ఆవిడ పక్కన నీలం చీరలో, పొడుగాటి జడతో ఒక కొత్తావిడ. ఆ రోజుల్లో ట్రాయ్‌లో మన రంగు మనిషి చీరలో కనిపిస్తే ఏ జిల్లా అని అడిగేవాళ్ళమే కానీ, ఏ దేశం అని ఎవరడుగుతారు?

“ఏ ఊరమ్మా మీది? ఏలూరా?” అన్నాను.

ఆవిడ నవ్వింది. ఏలూరేనని ఖాయం చేసుకుని ప్రసంగం అందుకున్నాను. పర్వతం అయింది, కాఫీ అయింది, చర్చి అయింది. నది దగ్గరికొచ్చేసరికి నాకు ఒళ్ళు తెలియలేదు.

“మన గోదావరికి స్వయానా చెల్లెలండీ! నడివేసవిలోనూ నిండుగా పారుతుంది. గుమ్మం దిగితే నీళ్ళే! ఔనా కాదా ఏలూరమ్మా?”

ఏలూరమ్మ మర్యాదగా తలూపింది.

“గుమ్మంలో నది పెట్టుకుని వాళ్ళకి పైపెందుకు బ్రదర్?” అన్నారు వెనకనుంచి ఎవరో.

“అదీ నిజమే. ఆ సాయమేదో ఇంకో ఊరికి చేద్దాం,” అన్నారు మరొకరు.

హాలంతా చర్చ. నా మాటల మీద ఇంతమంది ఇంత శ్రద్ధగా చర్చించడం అదే మొదలు. పులకించిపోయాను.

“ఆమెన్!” అన్నారు దేవసహాయం గారు.

“ఇది ప్రార్థన కాదండీ, ప్రసంగం!”

“ఏదైనా సరే, ఆపండి బాబూ!”

ఈలోగా సులోచన గారు నా మాటలు ఇంగ్లీషులో చెవిలో చెబుతుంటే కొత్తావిడ నవ్వు ఆగిపోయింది. లేచి నిలబడింది.

“ఈవిడ మార్తా. ఆ ఊరి టీచర్,” అన్నారు సులోచన గారు. “పైపు సంగతి చెప్పడానికే వచ్చారు. ఆవిడ ముచ్చటపడితే నా చీర కట్టించాను. పోయిన వారం అనౌన్స్ చేశాం కదా బ్రదర్!”

“పోయిన వారం నేను అలిగి రాలేదు,” అన్నాను.

మార్తా నెమ్మదిగా ఇంగ్లీషులో చెప్పింది. “ఆయన చెప్పింది మా ముత్తాతల ఊరు. ఒక వానాకాలం పర్వతం మీదనుంచి బురద దిగి, నది పొంగి ఊరిని ముంచేసింది. మిగిలినవాళ్ళు పైకెక్కి కొత్త ఊరు కట్టుకున్నారు. నది కిందే ఉండిపోయింది. మా ఆడపిల్లలు బిందెలు పట్టుకుని దానికోసం దిగుతారు, ఎక్కుతారు. బడికి వచ్చేసరికి సోలిపోతారు.” తర్వాత నావైపు తిరిగింది. “నది మీరు చెప్పినంత అందంగానే ఉంటుందండీ. కానీ కొండెక్కి రాదు.”

కింది సగం పేజీలో ఉన్నది అదేనన్నమాట.

హాల్లో ఒక్కొక్క చెయ్యీ లేచింది. పైపు ఖాయమైంది. నా ప్రసంగమే లేకపోతే ఆవిడ అంత బాగా మాట్లాడేదా? ఈ ముక్క ఇప్పటికీ ఒక్కరూ ఒప్పుకోరు.

కొన్నాళ్ళకు మార్తా ఫోటో పంపింది. కొండమీద కొళాయి, ధారగా నీళ్ళు, చుట్టూ నవ్వుతూ ఆడపిల్లలు. వెనక గోడమీద స్పానిష్‌లో ఏదో రాసి ఉంది.

“‘పెద్దమనిషి గారి నది’ అని రాశారట,” అన్నారు సులోచన గారు. హాలు నవ్వుతో ఊగిపోయింది. నేను మాత్రం ఫోటో తిప్పి తిప్పి చూశాను. నా పేరేదీ? ఉత్త పెద్దమనిషట! ఇదీ మర్చిపోను.

అక్కడే లేచి, కళ్ళు మూసుకుని, దేవుడి ఎదుట ప్రమాణం చేశాను. ఏ పేజీ మీదా సగంలో నిద్రపోను. ఆ ఊరివాళ్ళను అడగకుండా ఏ ఊళ్ళోనూ నది పారించను. ఇక పేరు సంగతి కూడా ఎత్తుదామని, “అయితే ప్రభువా...” అన్నానో లేదో,

“ఆమెన్!” అన్నారు దేవసహాయం గారు.