గోడకు అవతలి పెద్దమ్మ

మా అక్క కూతురికి ఇంట్లో ఇన్‌స్పెక్టరమ్మ అని పేరు. పెట్టింది నేనే. చిన్నప్పటి నుంచీ దానికి ఏ వస్తువులోనైనా ముందు కనబడేది వంకరే. కొత్త గొడుగు కొనిస్తే ఒక ఊచ పొట్టిగా ఉందంటుంది. అందరం ముస్తాబై ఫొటో తీయించుకుంటే, వెనక గోడ గడియారం ఆగిపోయి ఉందంటుంది. నిజమే, ఆగిపోయే ఉంటుంది. అది తప్పులు పడుతుందని ఎవరికీ బాధ లేదు. పట్టిన ప్రతిసారీ తప్పు నిజంగానే ఉంటుంది చూశారా, అందుకే అందరికీ ఒళ్లు మండుతుంది.

ఆ గుణమే దానికి అన్నం పెట్టింది. ఒక లాండ్రీ పైన చిన్న గది అద్దెకు తీసుకుని, చిన్న వ్యాపారాల వాళ్ల వెబ్‌సైట్లు బాగుచేస్తుంది. కింద ఇస్త్రీ ఆవిరికి పైన నేల ఎప్పుడూ వెచ్చగానే ఉంటుంది. తాళాలు చేసేవాడు, చెప్పులు కుట్టేవాడు, కుక్కలకు జుట్టు కత్తిరించే ఆవిడ, ఇలాంటివాళ్లంతా ఆ మెట్లెక్కి దాని ముందు చేతులు కట్టుకుని కూర్చుంటారు.

ఒకసారి నేను అక్కడుండగానే కళ్లజోళ్ల షాపాయన వచ్చాడు. ఆయన తన సైటు మొదటి పేజీలో తన నిలువెత్తు ఫొటో పెట్టుకున్నాడు. దాని కింద మనవలు, వాళ్ల కింద పాత షాపు, కొత్త షాపు. షాపు ఎప్పుడు తెరుస్తారో తెలుసుకోవాలంటే ఆయన వంశమంతా దాటుకుని పోవాలి.

"మిమ్మల్ని చూడ్డానికి ఎవరూ రారండీ, కళ్లజోడు కోసం వస్తారు," అంది ఇది.

"నన్ను చూస్తే నమ్మకం కలుగుతుందమ్మా!"

"ఎలా కలుగుతుంది? ఫొటోలో మీరు కళ్లజోడు పెట్టుకోలేదుగా."

ఫొటో బొటనవేలంత అయింది, ఫోను నంబరు పైకెక్కింది. షాపులో జనం పెరిగారని తర్వాత ఆయనే చెప్పుకున్నాడు. కానీ వీధిలో దీన్ని చూస్తే మాత్రం ఇప్పటికీ పక్క సందులోకి తిరిగిపోతాడు.

ఇంట్లో ఉండేది మేం ముగ్గురం. బావగారు పోయాక నేనూ వచ్చి అక్క దగ్గరే ఉండిపోయాను. అక్క ఇళ్లకీ ఆఫీసులకీ పరదాలు కుడుతుంది. నేను టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో ఆపరేటరుగా పనిచేసి రిటైరయ్యాను. అక్కడ లైన్లు కలిపాను, ఇక్కడికొచ్చాకా అదే పని. తల్లీకూతుళ్లకు మాటలు లేవని కాదు. పాలు అయిపోయాయి, తాళంచెవి ఎక్కడ, గ్యాసు అబ్బాయి వచ్చాడు, ఇలాంటివన్నీ నేరుగానే మాట్లాడుకుంటారు. మనసులో మాటైతే మాత్రం నా మీదుగా పోవాల్సిందే. "దానికి కాస్త చెప్పవే" అని ఇటు నుంచి అక్క, "అమ్మకి నువ్వు చెప్పు పిన్నీ" అని అటు నుంచి ఇది. పైకి విసుక్కునేదాన్ని కానీ, నేను లేకపోతే ఈ ఇల్లు నడవదన్న గీర లోపల బాగానే ఉండేది.

అలా ఉండగా దీని చేతికి ఒక అభిమానుల యాప్ వచ్చింది. పేరున్న గాయకుడొకాయన కోసం ఆయన మనుషులు తయారుచేయించిన యాప్ అది. పాటలు, ఫొటోలు, కచేరీ టికెట్లు, అభిమానులు కబుర్లు చెప్పుకోవడానికి 'ముచ్చట్ల గది', అన్నీ ఫోనులోనే. కొన్నాళ్లు మామూలు అభిమానిలా అందులో తిరిగి, ఏది బాగుందో ఏది బాగాలేదో రాసివ్వాలి. ఏది ఉంచాలో ఏది తీసేయాలో దీని మాట చూసే తేల్చుకుంటామన్నారు. పరీక్షించేవాళ్లు సొంత పేరుతో లోపలికి వెళ్లరట. ఒక మనిషిని కల్పించి, ఆ మనిషిలా మసలుతారట. ఇది 'పిచ్చుక' అని పేరు పెట్టుకుంది. కొత్తగా ఉద్యోగంలో చేరి, హాస్టలు గదిలో ఒంటరిగా ఉండే నోరులేని పిల్ల. నోరులేని పిల్లను ఇది ఎలా కల్పించగలిగిందో నాకిప్పటికీ ఆశ్చర్యమే.

మొదట్లో మామూలు తప్పులే దొరికాయి. టికెట్టు కొనే బటను ఎక్కడో అడుగున దాక్కుంది, ఫొటో తెరిస్తే పాట ఆగిపోతుంది. ఆ తర్వాత ముచ్చట్ల గదిలో అడుగుపెట్టింది. అక్కడ గాయకుడి ఊసు తక్కువ. అందరూ ఒకావిడ చుట్టూ చేరారు. ఆవిడ పేరు పరదాల పెద్దమ్మ. పెద్దమ్మా, రేపు ఇంటర్వ్యూ ఉంది. పెద్దమ్మా, ఆయన మళ్లీ మాట్లాడడం మానేశాడు. పెద్దమ్మా, నాకేం తోచడం లేదు. ఆవిడ ఒక్కరినీ వదలకుండా అందరికీ ఓపికగా జవాబిస్తోంది. ఆవిడ పేరు పక్కన బొమ్మ చూస్తే ఆకుపచ్చ పరదా వేసిన కిటికీ. పరదా అడుగున గుడ్డ చాలక, కొంచెం వేరే పచ్చలో అతుకు వేసి ఉంది.

అది మా ముందుగది కిటికీ. ఆ అతుకు కనబడుతోందని పరదా కట్టిన రోజే పెదవి విరిచింది ఇదే.

నేరుగా నా దగ్గరకొచ్చి ఫోను ముందు పెట్టింది. "పిన్నీ, అమ్మకి ఇన్ని మాటలొచ్చా?"

నాకూ ఆశ్చర్యమే. అక్క మిషను తొక్కుతూ ఆయన పాటలు వింటుందని తెలుసు కానీ, ఇంత పెద్ద సంసారం నడుపుతోందని తెలియదు.

"ఇది చూడు. ఎవరో నర్సట. నిలబడీ నిలబడీ కాళ్లు నొప్పులంటే, చెప్పుల్లో మెత్తటి గుడ్డ ఎలా కుట్టుకోవాలో ఇంత పొడుగున రాసింది. నాకు లేవా కాళ్లు?"

"నీ కాళ్లు నొప్పని ఎప్పుడైనా చెప్పావుటే?"

"ఆ నర్సయితే చెప్పాలి. సొంత కూతురు కూడా చెప్పాలా?"

దానికి కన్ను కుట్టింది. ఆ గదిలో ఉన్న ప్రతి పిల్ల మీదా కుట్టింది. పగలంతా చెప్పులాయన సైటు ముందేసుకుని కూర్చునేది, మధ్యమధ్యలో ఎవరు ఎన్నిసార్లు పెద్దమ్మను పిలిచారో చూసి ఉడుక్కునేది. అమ్మకు మాత్రం చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకుంది.

ఇంతలో దానికి నిజంగానే జ్వరం వచ్చింది. మధ్యాహ్నం పని వదిలేసి ఇంటికొచ్చి ముసుగుతన్ని పడుకుంది. అక్క తలుపు ఓరగా తీసి, బల్ల మీద మాత్రలూ నీళ్లూ పెట్టి, "ఇక్కడ పెట్టాను" అని వెళ్లిపోయింది. నుదుటి మీద చెయ్యయినా వేయలేదు. ఇది దుప్పటి కింద ఫోను తీసి, పిచ్చుక పేరుతో 'జ్వరంగా ఉంది' అని ముచ్చట్ల గదిలో రాసింది.

గోడకు అవతల కుట్టుమిషను టక్కున ఆగిపోయింది.

'అయ్యో తల్లీ! ఎప్పటినుంచి? గదిలో పక్కన ఎవరైనా ఉన్నారా? కిటికీ కాస్త తీసిపెట్టుకో. గుడ్డ తడిపి నుదుటి మీద వేసుకో. ఏమైనా తిన్నావా? భయపడకు బంగారూ, నీకు నిద్రపట్టేదాకా నేనిక్కడే ఉంటాను.'

నేను తడిగుడ్డ పట్టుకుని వెళ్లేసరికి ఇది వెక్కివెక్కి ఏడుస్తోంది.

"జ్వరం ఎక్కువైందా?"

"పిచ్చుకకి తగ్గుతోంది పిన్నీ. నాకే ఎక్కువవుతోంది."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. వంటింట్లోకి వెళితే అక్కడ అక్క. "పాపం, ఎవరి పిల్లో ఏమోనే, ఒక్కత్తీ జ్వరంతో పడి ఉంది. నాకు మిషను మీద చెయ్యి ఆడడం లేదు," అంది. ఒట్టు వేశానుగా, పొయ్యి మీద పాలు చూసే వంకతో అటు తిరిగాను.

ఆ రోజు నుంచి నర్సు మీదా మిగతా పిల్లల మీదా కోపం పోయి, అంతా పిచ్చుక మీదకే తిరిగింది. పిచ్చుక లేచిందా, పిచ్చుక ఆఫీసుకు వెళ్లిందా, పిచ్చుక చలికోటు వేసుకుందా. పొద్దున లేవగానే ఫోనులో ఇది చూసేది పెద్దమ్మ రాసిన ఈ మాటలే. చూసి, పక్కగదిలో నుంచి వచ్చిన తల్లిని మాడు ముఖంతో పలకరించేది. ఇదేం చోద్యమో తెలియక అక్క ఇంకాస్త దూరం జరిగేది.

ఒక సాయంత్రం నేను లాండ్రీ మీది గదికి వెళ్లేసరికి ఇది యాప్ గురించి రాయాల్సిందంతా రాసి ముగిస్తోంది. నాకు చూపించింది. చివర ఇలా ఉంది: 'ముచ్చట్ల గది అనవసరం. పాటలతో సంబంధం లేని కబుర్లే ఎక్కువ. తీసేయడం మంచిది.'

"ఇది నీ ఆలోచనా, నీ కడుపుమంటా?" అన్నాను.

"రెండూ."

"ఆ యాప్ మొత్తంలో మనుషులు రోజూ వస్తున్నది ఆ గదికేనని నువ్వే చెప్పావుగా! నీ నోరు చేదైనా నీ మాట నిజమని జనం ఈ మెట్లెక్కుతున్నారు. ఇది పంపావంటే ఆ పేరు కాస్తా పోతుంది. మీ అమ్మకున్న ఆ కాస్త సందడీ పోతుంది."

ముఖం ముడుచుకుంది కానీ పంపలేదు. ఫోను తీసి, పిచ్చుక పేరుతో పెద్దమ్మకు విడిగా ఒక ప్రశ్న పంపింది: 'మీకు సొంత కూతురు లేదా?'

కాసేపటికి జవాబు వచ్చింది. ఇద్దరం తల ఆనించి చదివాం.

'ఉంది తల్లీ. చాలా తెలివైనది. నేనేం మాట్లాడినా అందులో తప్పుంటుంది, దానికి తెలిసిపోతుంది. ఒకసారి ముఖం వాడిపోయి వస్తే, ఒంట్లో ఎలా ఉందే అని అడిగాను. కనబడడం లేదా అంది. అప్పటినుంచి కనబడినంత మటుకే చూసుకుంటున్నాను.'

ఇది తల్లిని తలచుకుని కరిగిపోతుందనుకున్నాను. అంత అదృష్టమా! దిగ్గున లేచి, "చూశావా, నా గురించి నాకు చెప్పకుండా దానికి చెప్పింది!" అంది.

"దానికి అంటే ఎవరికే?"

"ఆ పిచ్చుకకి!"

"ఆ పిచ్చుకవి నువ్వేగా!"

"అయితే మాత్రం?" అని అరిచి, ఆ ఊపులోనే పిచ్చుక ఖాతా మూసేసింది. మళ్లీ కూర్చుంది. చివరి మాటలు కొట్టేసి, 'ముచ్చట్ల గదే ఈ యాప్‌కు ప్రాణం, దాన్ని మొదటి పేజీలోకి తేవాలి' అని రాసి పంపేసింది. పంపుతున్నప్పుడు దాని ముఖం చూడాల్సింది, సొంత పన్ను పీక్కుంటున్నట్టే ఉంది.

పిచ్చుక మాయమయ్యేసరికి అక్క సగమైపోయింది. కొలతలు తప్పి ఎవరివో పరదాలు పొట్టిగా కుట్టింది. జ్వరం తిరగబెట్టిందేమో, ఎవరైనా ఏమైనా అన్నారేమో అని నన్ను తినేసింది. చివరికి ఒక మధ్యాహ్నం చెప్పులు వేసుకుని, "పద, దాని ఆఫీసుకి తీసుకెళ్లు," అంది.

ఎన్నిసార్లు రమ్మన్నా మోకాళ్ల నొప్పులని ఆ మెట్లెక్కని మనిషి, ఆ రోజు నాకంటే ముందు ఎక్కింది. పైన రెండే కుర్చీలు, ఒకటి దానిది, ఒకటి వచ్చినవాళ్లది. అక్క వచ్చినవాళ్ల కుర్చీలో కూర్చుంది, నేను తలుపు దగ్గర నిలబడ్డాను. తల్లిని అక్కడ చూసి ఇది వెలిగిపోయింది. అది ఎంతసేపని!

"నీతో ఒక పని పడిందే," అంది అక్క. "ఒక పిల్ల కనబడడం లేదు. నువ్వు ఇలాంటివన్నీ చూస్తావుగా, వెతికిపెట్టు. పేరు పిచ్చుక."

దాని ముఖం నల్లబడింది. "నా కోసం ఎప్పుడూ ఎక్కలేదు ఈ మెట్లు."

"నీకేమయిందే, ఎదురుగానే ఉన్నావుగా. అది ఎక్కడుందో, ఏమైపోయిందో!"

"ఎక్కడికీ పోలేదు. అది నేనే."

అక్కకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. ఇది చెప్పుకుంటూ పోయింది, యాప్ సంగతి, కల్పించిన పేరు, అన్నీ. నేను పైకప్పు వంక చూశాను.

"జ్వరం?" అంది అక్క.

"నిజమే. ఆ రోజు నువ్వు మాత్రలు పెట్టి వెళ్లావే, అదే జ్వరం."

"హాస్టలు గది?"

"అబద్ధం."

అక్క కొంగుతో ముఖం తుడుచుకుంది. కోపంగా అంది, "ఆ అబద్ధాల పిల్లే నయం. అడిగితే జవాబు చెప్పేది." లేవబోయి మళ్లీ కూర్చుంది. "అమ్మ లేదని చెప్పావు నాకు. తల్లి లేని పిల్ల కదా అని పొద్దున్నే ముందు నీకే రాసేదాన్ని. నేను బతికుండగా ఆ మాట రాయడానికి నీకు చేతులెలా వచ్చాయే?"

ఆ ముక్క నాకూ తెలియదు. అన్నీ నాకు చెప్పిన పిల్ల ఇదొక్కటీ దాచింది. మామూలుగా దానికి జవాబు నాలుక చివరే ఉంటుంది. ఆ రోజు మాత్రం బల్ల అంచును గోటితో గీకుతూ కూర్చుంది.

"ఉందని రాస్తే, నువ్వు నన్ను పట్టించుకోవేమో అనుకున్నాను," అంది చివరికి.

అక్క లేచింది. కుర్చీని బల్ల పక్కనుంచి ఈడ్చుకుంటూ వెళ్లి, దాని మోకాలికి మోకాలు తగిలేలా వేసుకుని కూర్చుంది. ఏదో అడిగింది. ఇది తల వంచుకుని ఏదో చెప్పింది. మళ్లీ అక్క అడిగింది. ఇద్దరూ ఎంత మెల్లగా మాట్లాడుకుంటున్నారంటే, ఉద్యోగమంతా వినికిడి మీద గడిపిన నాకు ఒక్క ముక్క చెవిన పడలేదు. నేను గొంతు సవరించుకున్నాను, ఇద్దరిలో ఒక్కరూ ఇటు తిరగలేదు. మెట్లు దిగి, లాండ్రీ ముందు కాసేపు నిలబడ్డాను, ఎవరైనా పిలుస్తారేమోనని. సంతోషం లేదనను. కానీ ఇక వీళ్లకు నాతో పనేముంది అనిపించి, నిజం చెప్పొద్దూ, నా కడుపు కూడా సన్నగా మండింది.