పస్కా నాటి ఆనిగెపుకాయ అప్పలు

పోయిన నెలలో జనగామలో ఒక పెళ్లికి వెళ్లాను. ఫంక్షన్ హాలులో భోజనాల పక్కన ఒక మూల బల్ల వేసి, చుట్టూ రంగు బల్బులు వేలాడదీసి, తెల్ల టోపీ పెట్టుకున్న వంటాయన ఒకడు గిన్నప్పలు కాలుస్తున్నాడు. గిన్నప్ప అంటే మన వైపు వాళ్లకు చెప్పనక్కరలేదు, కరీంనగర్ వాళ్లు సర్వపిండి అనేది అదే. ఆయనగారు అందులో ఆనిగెపుకాయ, అదే సొరకాయ, తురిమి, గుడ్డు కొట్టి, పైన చీజు చల్లి ఇస్తుంటే జనం పెళ్లికొడుకును వదిలేసి అక్కడ వరుస కట్టారు. మా మనుమరాలు ఒకటి తెచ్చి నా నోటి ముందు పెట్టి, ఇది కొత్త వంట అమ్మమ్మా, ఈ మధ్యనే ఎవరో కనిపెట్టారు అంది. కొత్త వంటట, నా మొహం. నాకు ఒళ్లు మండి ఆ ప్లేటు పక్కకు జరిపేశాను. గుడ్డు కొట్టిన ఆనిగెపుకాయ అప్పలు నేను అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమం నాడే మానుకోట రైల్వే క్వార్టర్లలో కాల్చాను. దాని కోసం మా అత్తతో నాకు జరిగిన పోరు తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

మహబూబాబాదును అప్పుడు మేమంతా మానుకోట అనే పిలిచేవాళ్లం. మా ఆయన అక్కడ స్టేషనులో గుమస్తా. ఇంట్లో ఆయన, నేను, చంటిబిడ్డ, మా అత్త, చదువుకునే మా మరిది. అత్తా నేనూ ఉప్పూ నిప్పూ. నేను పొయ్యి ముట్టిస్తే పొగ ఎక్కువైందనేది, ఆర్పితే అగ్గి దండగ చేశావనేది. నేనూ తక్కువదాన్ని కాను లెండి, దంతాలపల్లిలో నూరెకరాల ఇంట పుట్టినదాన్ని, ఒక మాటకు రెండు మాటలు వడ్డించే అత్తగారింటికి వచ్చాను. నోరు మంచిదైతే ఊరు మంచిదని పెద్దలన్నారు గానీ మా ఇద్దరి నోళ్లకు ఊరు కాదు, ఆ రెండు గదుల క్వార్టరే చాలేది కాదు.

మా పక్క క్వార్టరులో రైల్వే దవాఖాన నర్సమ్మ, ఆమె ముసలితల్లి ఉండేవారు. బొంబాయి వాళ్లు. నర్సమ్మ కాబట్టి కిరస్తానీ అయి ఉంటుందని ఊరంతా అనుకునేది గానీ, వాళ్లు యూదులు. తాతల తాతల నాటి నుంచి కొంకణంలో ఉండి మరాఠీ మాట్లాడుకునే యూదులు. వాళ్ల పద్ధతిలో మాంసం కోసేవాళ్లు మానుకోటలో లేరు కనుక ఊళ్లో ఉన్నన్నాళ్లూ కూరగాయలూ గుడ్లూ తప్ప ముట్టలేదు. ఆ చలికాలంలో నాకు బిడ్డ అడ్డం తిరిగితే, వరంగల్లు తీసుకుపోదామంటే బండ్లు లేక, ఆ నర్సమ్మే రోజంతా నా మంచం పక్కన కూర్చుని తల్లినీ బిడ్డనూ దక్కించింది. అందుకని ఆమె అంటే నాకు ప్రాణం. మా అత్తకు మాత్రం ఆమెను చూస్తే కంపరం.

ఎందుకంటే ఉద్యమంలో మా మరిది లాఠీ దెబ్బలు తిని తల పగిలి ఇంటికి వచ్చాడు. ఆ రోజు నుంచి అత్తకు బయటి ఊరి మనిషి ఎవరైనా పగవాడే. మా పిల్లల కొలువులు వీళ్లే మింగిన్రు అని నడివాకిట్లో నిలబడి అనేది. రైల్వే కొలువుకూ, స్థానికులకే ఉద్యోగాలనే ముల్కీ గొడవకూ సంబంధం లేదని మా ఆయన నచ్చచెప్పబోయేవారు గానీ, ఆమె దగ్గర ఆయన మాట ఎప్పుడు సాగింది కనుక. తల పగిలిన మరిదికి కుట్లు వేసింది కూడా ఆ నర్సమ్మే. ఆ మాట నేను అంటే, కుట్టిన చెయ్యి సుత బయటిదే అని మూతి తిప్పుకుంది. వీధిలో మిగతావాళ్లు ఇంతకంటే పిరికి మనుషులు. పైకి ఏమీ అనరు, పాలమనిషికి కన్నుగీటి నర్సమ్మ ఇంటికి పాలు పోయకుండా చేస్తారు, కూరగాయల బుట్టను ఆ వాకిలి దాటించి పంపేస్తారు. ఎవరో ఆమె కిటికీ అద్దం కూడా పగలగొట్టారు.

చైత్ర పున్నమి దగ్గర పడుతుండగా వాళ్ల పస్కా పండుగ వచ్చింది. ఏటా బొంబాయిలో అన్నగారింటికి వెళ్లి చేసుకునేవాళ్లు. ఆ ఏడు బండ్లు ఎప్పుడు నడుస్తాయో, ఎక్కడ ఆగుతాయో తెలియదు, అంత ముసలామెను ఎక్కించే ధైర్యం లేదు. ముసలామెకు కాళ్లు వాచి, మెట్టు దిగితే ఆయాసం. వచ్చే పస్కాకు ఆమె ఉండదని నర్సమ్మకు తెలుసు, ముసలామెకూ తెలుసు. ఆ పండుగ నాడు పులియని పండుగ రొట్టె తప్ప గోధుమది ఏదీ ముట్టకూడదు, పులిసినది ఏదీ ఇంట్లో ఉండకూడదు, బియ్యం పరవాలేదు. ముసలామెకు పళ్లు లేవు కాబట్టి వాళ్లింట్లో చేసే కూరగాయల అప్పలు మెత్తగా కావాలి. ఇంకొకటి ఏమిటంటే, భోజనానికి కూర్చునే ముందు వీధి తలుపు తెరిచి, ఆకలిగొన్నవాళ్లు ఎవరైనా సరే వచ్చి మాతో తినండి అని పిలవాలి. బయటి మనిషి ఒక్కరైనా వచ్చి విస్తరి ముందు కూర్చుంటే చాలు, నా చివరి పండుగ పండుగలాగే జరిగింది అనుకుంటాను అని ముసలామె పట్టుబట్టింది.

పండుగ ముందు రోజు నర్సమ్మ మా వాకిట్లోకి వచ్చి, చెయ్యి చాచడానికి సిగ్గుపడుతూ, అమ్మ కోసం జర రెండు ఆనిగెపుకాయలు ఇస్తారా అని అడిగింది. మా పెరటి పందిరి మీద కాయలు బారులు తీరి వేలాడుతున్నాయి. మా అత్త బియ్యంలో రాళ్లు ఏరుతూ తల కూడా ఎత్తలేదు.

"మా కాయలు మాకే సాలయి. బొంబయి పోయి తెచ్చుకోమను."

నర్సమ్మ వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. మర్నాడు పొద్దున్నే నేను కొడవలి తీసుకుని, అత్త చూస్తుండగానే, పందిరి మీద లేత కాయలు ఏరి ఏరి కోశాను.

"అత్త సొమ్ము అల్లుడు దానం జేసినట్టు, నా కాయలు నువ్వెవలకిస్తవే?"

"నన్ను బతికించినామెకు ఇస్త. నేను సచ్చిపోతే నీకు బాగుండేదేమో, ఆమెకు బాగనిపియ్యలే" అన్నాను.

అత్త లేచి లోపలికి పోయింది. ఆమె తిట్టకపోతేనే ఇంకా భయం. నేను లెక్క చేయకుండా కాయలూ, బియ్యప్పిండీ, గిన్నప్పలు కాల్చే మా గిన్నె తోమి తీసుకుని పక్కింటికి నడిచాను. ఇల్లంతా కడిగి, అటకలు దులిపి, అద్దంలా చేసి పెట్టారు. గడప దగ్గర ముసలామె కర్ర అడ్డం పెట్టింది. నువ్వు రా బేటీ, నీ గిన్నె మాత్రం బయటనే పెట్టు అంది.

నాకు నెత్తిన పిడుగు పడ్డట్టయింది. మా పుట్టింట్లో పనివాళ్ల చెంబు వేరు, మా చెంబు వేరు, ఎవరి గిన్నె ఏ గడప దగ్గర ఆగాలో చెప్పే ఇంట్లో పుట్టినదాన్ని, నా గిన్నెను గడప బయట ఆపిన మనిషిని అంతవరకు చూడలేదు. వీధంతా వెలేసిన ఇంటికి అత్తను ఎదిరించి వస్తే, మా గిన్నె వీళ్లకు మైలా. నర్సమ్మ ఏదో చెప్పబోతున్నా వినలేదు, కాయలు అక్కడే పడేసి గిన్నె ఎత్తుకుని ఇంటికి వచ్చి, వాకిట్లో దాన్ని గిరాటేసి, అత్త ముందే వాళ్లను కడిగిపారేశాను. అత్త ఇక పండుగ చేసుకుంటుందనుకున్నాను. ఆమె గిన్నెను కాలితో ఇటు తిప్పి చూసింది.

"మొన్న దీంట్లనే కాదే గోధుమరొట్టె కాల్చినవ్? పండుగపూట ఎంగిలి గిన్నె ఎవలు రానిస్తరు? ఆమెకు ఆచారం ఉన్నది. నీకే లేదు."

అని, లోపలికి పోయి, ఎండాకాలానికని కొని బియ్యం కడుగునీళ్లలో నానబెట్టి ఆరబెట్టుకున్న కొత్త మంటి కంచుడు, అదే మట్టి మూకుడు, తెచ్చి నా ముందు పెట్టింది. ఇది పొయ్యి మొకం చూడలే, పట్కపో, నా పేరు చెప్పకు అంది. ఆ కంచుడును పిల్లలు తాకితేనే వీపు చిట్లగొట్టే మనిషి. నేను సంతోషపడాలో, తిట్లు తిన్నందుకు ఏడవాలో తెలియక దాన్ని పట్టుకుని మళ్లీ పక్కింటి గడప ఎక్కాను. ముసలామె కంచుడును వేలితో మీటి, మోత విని, కర్ర తీసింది.

ఆనిగెపుకాయ తురిమి నీళ్లు పిండి, ఉల్లిగడ్డ, గుడ్లు, కాస్త బియ్యప్పిండి కలిపి కాల్చాం. కొత్త కంచుడు కదా, మొదటి అప్ప అంటుకుపోయి తునకలు తునకలైంది. గిన్నప్పకు వేసినంత కారం నా చేయి తనంతట తానే వేసేసింది, అది తర్వాత గాని తెలియలేదు. పొద్దు గూకేసరికి బల్ల మీద తెల్ల గుడ్డ పరిచి, దీపాలు పెట్టి, నర్సమ్మ వీధి తలుపు బార్లా తెరిచింది. ముసలామె కూర్చున్న చోటి నుంచే గొంతెత్తి పిలిచింది. ఎదుటి క్వార్టర్ల తలుపులు ఒకదాని తర్వాత ఒకటి దబదబా పడ్డాయి. వీధి మొగదల కుర్రాళ్లు కొందరు పోగయ్యారు, చేతుల్లో రాళ్లున్నాయి. నర్సమ్మ తలుపు మూయబోయింది, ముసలామె వద్దంది. నేను ఆమె పక్కనే కూర్చున్నాను.

అప్పుడు మా అత్త పీట తెచ్చుకుని, మా అరుగు దిగి, సరిగ్గా వాళ్ల వాకిలికి అడ్డంగా వేసుకుని, మాకు వీపు పెట్టి కూర్చుంది.

"ఎవడ్రా అక్కడ? ఇసిరితే నా నెత్తికి తగుల్తది, తెలుసుకోని ఇసురుండ్రి. నా కొడుకు తల పగలగొట్టించుకున్నది మీరు ముసలోళ్ల మీద రాళ్లేసేటందుకా?"

కుర్రాళ్లు ఒకరి వెనక ఒకరు జారుకున్నారు. ముసలామె తృప్తిగా తిన్నది, కళ్ల వెంట నీళ్లు కారుతున్నా తిన్నది. నర్సమ్మ పళ్లెంలో అప్పలు పెట్టుకుని బయటికి వెళ్లి ఇవ్వబోతే మా అత్త తల తిప్పి కూడా చూడలేదు. నీ కోసం కూసోలే, ఇంట్ల ఉక్కపోస్తున్నది అంది. భోజనాలయ్యేదాకా అక్కడే కూర్చుని, పీట చంకన పెట్టుకుని పోయింది.

వానలు మొదలుకాకముందే ముసలామె కన్నుమూసింది. నర్సమ్మ బదిలీ చేయించుకుని బొంబాయి వెళ్లిపోయింది. ఆమె సామాను బండికి ఎక్కిస్తుంటే తలుపు చాటు నుంచి చూసిన ఆ వీధి వాళ్లను నేను ఇప్పటికీ క్షమించలేదు, క్షమించను కూడా. అత్తా నేనూ ఆ పండుగ మర్నాడే ఎసరులో నీళ్ల దగ్గర మళ్లీ మొదలుపెట్టాం, ఏళ్ల తరబడి ఆపలేదు. ఆ పస్కా సంగతి ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

మరిదికి బొగ్గుగనిలో కొలువు దొరికి భూపాలపల్లిలో కాపురం పెట్టాక, ఎనభైల చివర అత్త అక్కడే మంచాన పడింది. చూసుకోవడానికి నేను వెళ్లాను. ఒకనాడు గంజి తాగిస్తుంటే నా చెయ్యి పట్టి ఆపింది.

"ఆ నర్సమ్మ తల్లి అప్ప తిన్నదా?"

"తిన్నదత్తమ్మా. మళ్ల అడిగి పెట్టించుకోని తిన్నది. కారం ఎక్కువైందని కండ్లల్ల నీళ్లు పెట్టుకున్నది."

"కారం కాదే పిచ్చిదానా" అని కళ్లు మూసుకుంది. తర్వాత కొన్నాళ్లకే పోయింది.

ఇప్పుడు నేనుండే అపార్టుమెంటులో ఎవరూ ఎవరితోనూ పోట్లాడరు. లిఫ్టులో నవ్వుతారు, నమస్తే ఆంటీ అంటారు, తలుపులు వాటంతట అవే మూసుకుంటాయి. ఏ ఊరి మనిషివని అడగరు, ఏ పండుగ చేస్తావనీ అడగరు, అదీ మంచిదేనేమో. కానీ మా అత్త ఆ నర్సమ్మను జన్మలో ఒక్క మంచి మాట అనలేదు, ఆమె తల్లి తిన్నదో లేదో అన్న బెంగను మాత్రం మంచం పట్టేదాకా మోసింది. నా మీద ప్రేమ ఉన్నవాళ్లకు ఇప్పుడు కొదవలేదు. నేను తిన్నానో లేదో అని అంతకాలం బెంగపెట్టుకునే పగవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు.