కొబ్బరి కొట్టు కాటా మీద మా పిల్ల

మా ఊరి సెంటర్లో ఒక ఫ్లెక్సీ కట్టి ఉంది. అందులో మా బావగారి కూతురు మెడలో కాంస్య పతకంతో నవ్వుతూ ఉంటుంది. పక్కనే ఆమెకు రెండింతల సైజులో మా బావగారు చేతులు కట్టుకుని నిలబడి ఉంటారు. కింద 'ఒక తండ్రి పట్టుదలకు దక్కిన ఫలితం' అని రాయించారు. ఎండకు ఆ రంగులు వెలిసేలోగా ఊరంతా దాన్నే చరిత్ర అనుకుంటుంది. కాగితం మీద రాసిన మాట ఫ్లెక్సీ కన్నా ఎక్కువ కాలం ఉంటుందని నాకు గ్రంథాలయం నేర్పింది కనుక, జరిగింది జరిగినట్టు రాసిపెడుతున్నాను.

నేను ఆ ఇంటి చిన్నకోడలిని. మా ఆయన కువైట్‌లో ఉంటారు. బడి చదువు పదో తరగతితో ఆగిపోయింది. మిగతా చదువంతా కొత్తపేట గ్రంథాలయం బీరువాల్లోంచి నేనే తెచ్చుకున్నాను. వంటల పుస్తకం దగ్గర్నుంచి వైద్యం దాకా, అక్కడ నేను తెరవని పుస్తకం ఉంటే దానికి చెదలైనా పట్టి ఉండాలి.

పిల్ల ఇంటర్ చదువుతూ, అమలాపురంలో ఒక కోచ్‌గారి దగ్గర వెయిట్ లిఫ్టింగ్ నేర్చుకుంటోంది. ఈ ఆటలో ఒంటి బరువును బట్టి విభాగాలుంటాయి. పిల్ల యాభై మూడు కిలోలు. హాయిగా తిని యాభై ఐదు కిలోల విభాగంలో ఎత్తమన్నారు కోచ్‌గారు. పిల్లకు కావలసిందీ అదే. కానీ నలభై తొమ్మిది కిలోల విభాగంలో పోటీ పలచగా ఉందని బావగారు ఎక్కడో విని వచ్చారు. పతకం వస్తే స్పోర్ట్స్ కోటాలో సీటు, సీటొస్తే ఉద్యోగం. ఆ మెట్లన్నీ ఆయన వాకిట్లో పడక్కుర్చీలో కూర్చునే ఎక్కేశారు. ఇక తగ్గవలసింది నాలుగు కిలోలే. అవి తన పొట్టలోంచి పోయేవి కావు కనుక ఆయనకు చాలా తేలిగ్గా కనిపించాయి.

"ఈసారి పతకం తేకపోతే ఆ ఇనుము సంగతి మర్చిపో. పుస్తకాలు పట్టుకుని మూల కూర్చో," అన్నారు కూతురితో.

ఆ మర్నాటి నుంచి పిల్లకు రాత్రి అన్నం బంద్. పగలు ఎండలో రెయిన్‌కోటు తొడిగి కాలవ గట్టు మీద పరిగెత్తించేవారు. ఆయన వెనక బండి మీద వెళ్ళేవారు.

"ఏవండీ, వాన కబురేమన్నా వచ్చిందాండీ?" అని గట్టు మీద ఒకాయన అడిగేడు.

"ఆయ్, ఇంకో రెండు కిలోలు కురవాలండి," అన్నారు బావగారు, ఎంతో గంభీరంగా.

ఆత్రేయపురం నుంచి చుట్టాలు పూతరేకులు తెస్తే, పిల్లకు మనోబలం పెరగాలని ఆయన కూతురి ఎదురుగానే కూర్చుని తినేవారు. తండ్రి త్యాగం అంటే అలా ఉండాలి. మా అత్తగారు మాత్రం, "బరువులెత్తే పిల్లకి కూడు మాన్పించడమేవిట్రా? ఎడ్లకైనా దున్నే ముందు దాణా పెడతారు కదరా," అని గొణిగేవారు. ఆవిడ గొణుగుడు ఆ ఇంట్లో ఫ్యాను చప్పుడులాంటిది.

నేను ఊరుకోలేక గ్రంథాలయంలో చదివింది చెప్పాను. ఒంట్లో నీరు ఎండిపోతే కండలో సత్తువ ఉండదండీ, ఎదిగే పిల్లకు అది ప్రమాదమండీ అన్నాను.

"పుస్తకాలెత్తేవాళ్ళకి బరువుల సంగతేం తెలుస్తుందమ్మా," అన్నారు. ఆయన ఎత్తిన బరువేమిటో నేను అడగలేదు.

చెప్పినట్టే అయింది. అంతకు ముందు పిల్ల సునాయాసంగా తలపైకి లేపిన బార్ ఇప్పుడు భుజాల దాకా వచ్చి జారిపోతోంది. రాత్రిళ్ళు పిల్ల మంచం మీద ముడుచుకుని పడుకునేది. కోచ్‌గారు ఇంటికొచ్చి ఇలా అయితే ఆట పోతుందండీ అని మొత్తుకున్నారు. తన మాట నెగ్గించుకోడానికి కోచ్‌గారు తన కాటాలో పిల్ల బరువు ఎక్కువ చూపిస్తున్నాడని బావగారికి అనుమానం వచ్చింది. పట్నం తీసుకెళ్ళి ఇంకో కాటా మీద తూయిస్తానన్నారు.

"అయితే నాన్నగారూ, అంతదూరం ఎందుకండీ? మన కొబ్బరి కొట్టు కాటా మీద చూద్దాం," అంది పిల్ల, అమాయకంగా.

ఆ కాటా గురించి చెప్పాలి. మా ఎండుకొబ్బరి కొనే వర్తకుడిది అది. బస్తాకి రెండు కిలోలు తక్కువ చూపించి మింగేస్తుందని మా బావగారు భోజనం దగ్గర రోజూ తిట్టే కాటా. ఆ తిట్లు మా ఇంట్లో గోడలకు కూడా వచ్చు.

పిల్ల దాని మీద నిలబడింది. నలభై తొమ్మిది!

బావగారి కళ్ళు చెమ్మగిల్లాయి. తన కొబ్బరిని ఇన్నేళ్ళు మోసం చేసిన కాటా తన కూతురి దగ్గర ధర్మరాజైపోయిందని ఆయనకు ఏ సందేహమూ రాలేదు. ఆ రోజే రెయిన్‌కోటు అటకెక్కింది. ఇంతకన్నా తగ్గక్కర్లేదని పిల్లకు రాత్రి అన్నం మళ్ళీ మొదలైంది. బార్ మళ్ళీ పైకి లేచింది.

అమలాపురంలో జిల్లా పోటీలు. ఆడపిల్లల బరువు చూసే గదిలోంచి ఒక మేడమ్‌గారు బయటికి వచ్చి, "మీ అమ్మాయి యాభై ఒకటి దాటిందండీ," అన్నారు.

"మీ కాటా తప్పండి. మా కాటా సరిగ్గా నలభై తొమ్మిది చూపించిందండి," అన్నారు బావగారు.

"ఏ కాటా అండీ?"

"మా ఊరి కొబ్బరి కొట్టు కాటా అండి."

ఆవిడ ఒక్క క్షణం ఆయన వంక చూసి, "మాకూ రాజోలు దగ్గర కొబ్బరితోట ఉందండీ," అన్నారు.

వరండాలో కూర్చున్న తండ్రులంతా ఒక్కసారిగా నవ్వేరు. వాళ్ళందరికీ కొబ్బరి చెట్లున్నాయి మరి. బావగారి ముఖం చెప్పులకేసి వాలిపోయింది.

"పై విభాగంలో ఎత్తిస్తారా, తీసుకెళ్ళిపోతారా?" అని అడిగేరు మేడమ్‌గారు. బావగారు నోరు తెరిచేలోగా, "ఎత్తుతానండీ," అంది పిల్ల లోపల్నుంచి.

నేను తెచ్చిన ఇడ్లీలు, అరటిపళ్ళు తిని పిల్ల యాభై ఐదులో నిలబడింది. భుజాల దగ్గర జారిపోయిన ఆ బరువునే తలపైకి లేపి, కదలకుండా పట్టుకుంది. మూడో స్థానం వచ్చింది. ఆ విభాగంలో నలుగురే ఉన్నారన్న సంగతి ఫ్లెక్సీలో లేదు.

తిరిగొస్తూ ఆటోలో అడిగాను, "ఆ కాటా సంగతి నీకు ముందే తెలుసుటే?"

పిల్ల పూతరేకు నములుతూ, "మనింట్లో తెలియనిదెవరికి పిన్నీ?" అంది.

ఇక కృతజ్ఞతలు. పేర్లు రాస్తే ఇంట్లో ఉండనివ్వరు కనుక వరసలతో చెబుతున్నాను. గడువు దాటినా పుస్తకం అడగని గ్రంథాలయం మాస్టారికి, గొణగడం మానని మా అత్తగారికి, అవమానం పడినా పిల్లను వదలని కోచ్‌గారికి, తోట ఉన్న మేడమ్‌గారికి, జీవితంలో ఒక్కసారైనా తన కాటాతో మేలు చేసిన కొబ్బరి వర్తకుడికి నమస్కారాలు. మా బావగారికి ప్రత్యేకంగా. ఇంకా పై విభాగంలో పోటీ మరీ పలచగా ఉందని ఆయన మొన్న విని వచ్చారు. పిల్లకు పూటకో గరిటెడు నెయ్యి పోయిస్తూ, బరువు చూడ్డానికి కొబ్బరి కొట్టుకి పదమన్నారు.

"వద్దు నాన్నగారూ, ఈసారి కోచ్‌గారి కాటాయే మంచిదండీ," అంది పిల్ల. చివరి నమస్కారం మా పిల్లకి.