విమానం మోతలో అమ్మ మాట

దయ్యాల కథ ఎవరైనా మొదలుపెడితే, ముందు మీ ఇంటి వైరింగ్ చూపించండి అనే రకం నేను. ఇప్పటికీ అంతే. ఈ ఒక్కదానికి మాత్రం నాకు వైరింగ్ దొరకలేదు.

మాది శంషాబాద్. మా బాపుకు చెవులు వినపడవు. అమ్మ పోయాక తిండి మీద ధ్యాస కూడా పోయింది. రెండు ముద్దలు తిని కంచం జరిపేసేవాడు. రోజూ చెల్లి పెళ్లి వీడియో పెట్టించుకునేవాడు. అందులో అప్పగింతలయ్యాక అమ్మ కనుబొమలు ముడిచి ఆయనతో ఏదో అంటుంది.

"నా మీద గంత కోపమెందుకొచ్చిందో బిడ్డా," అని ఒకటే బాధ. అడుగుదామంటే అమ్మ లేదు.

నేనే కూర్చుని ఆ వీడియో మాటలన్నీ విని, తెలుగులో సబ్‌టైటిల్స్ టైప్ చేశాను. అమ్మ మాట దగ్గరే చిక్కొచ్చింది. సరిగ్గా అప్పుడే ఫంక్షన్ హాలు మీదుగా విమానం పోయింది. మా దగ్గర పెళ్లి మంత్రాలైనా విమానం పోయేదాకా ఆగాల్సిందే. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఎంత విన్నా మోతే. చేసేది లేక అక్కడ "విమానం మోత" అని రాశాను.

ఆదివారం మధ్యాహ్నం బాపును కూర్చోబెట్టి వీడియో పెడితే అసలు సబ్‌టైటిల్సే రాలేదు. వీడియోకూ, సబ్‌టైటిల్స్ ఫైలుకూ ఒకటే పేరు పెట్టి ఒకే ఫోల్డర్‌లో వేశాను. ప్లేయర్‌లో సబ్‌టైటిల్స్ ఆన్ చేశాను. ఈసారి అక్షరాల బదులు డబ్బాలొచ్చాయి. ఫైలును తెలుగు అక్షరాలు పట్టే యూటీఎఫ్-8 పద్ధతిలో సేవ్ చేసి, తెలుగు ఫాంట్ ఎంచుకున్నాక దారికొచ్చింది.

అమ్మ బాపు వైపు తిరిగింది. విమానం మోత మొదలైంది. కింద అక్షరాలు పడ్డాయి.

"పొద్దుగాల సంది ఉపాసమున్నవ్. కన్యాదానమైంది గద, ఇగ పా, జరింత తిందువు."

అది నేను రాసిన మాట కాదు. బాపు చదివి నవ్వాడు.

"కోపం గాదు బిడ్డా! నిజమే, గప్పటిదాంక నేను తిననే లే."

ఆ సంగతి మాలో ఎవరికీ తెలియదు. కాసేపటికి "అన్నం పెట్టు" అన్నాడు. మారు అడిగి పెట్టించుకున్నాడు. వంటింట్లోకి పోయి హాయిగా ఏడ్చాను.

తర్వాత ఫైలు తెరిచి చూశాను. అక్కడ "విమానం మోత" అనే ఉంది. మళ్లీ ప్లే చేస్తే తెర మీద కూడా "విమానం మోత" అనే పడింది. అమ్మ మాట ఎక్కణ్నుంచి వచ్చిందో ఇప్పటికీ నాకు అంతు చిక్కలేదు.

బాపుకు చెప్పలేదు. కడుపునిండా తింటున్నాడు, నాకు అది చాలు.