రూతమ్మగారికి గొంతునైన రోజు

షికాగో నది మీద తెరచాప పడవలు పోవడానికి వంతెన లేపేముందు గంట కొడతారు. ఈ వసంతంలో పని మీద వెళ్లినప్పుడు ఆ గంట విన్నాను. కార్లు ఆగాయి, రోడ్డు నడిమికి విడిపోయి పైకి లేచింది, తడి ఇనుము వాసన కొట్టింది. చుట్టూ ఉన్నవాళ్లంతా ఫోన్లు ఎత్తారు. నేను మాత్రం పక్కనున్న కమ్మీ మీద అరచెయ్యి పెట్టాను. రూతమ్మగారు గుర్తొచ్చారు.

షికాగోకి దగ్గర్లో ఉన్న అరోరాలో మా ఎదురింట్లో ఉండేవారు ఆవిడ. కాకినాడ మనిషి. మా తెలుగు చర్చికి కొత్తగా వచ్చినవాళ్లను శనివారాలు రైలెక్కించి షికాగో తీసుకుపోయి, నది వెంబడి నడిపిస్తూ పాత వంతెనల కథలు చెప్పేవారు. నేను ఐదో తరగతితో ఆపేసినదాన్ని. ఇంగ్లీషు అక్షరం కనిపిస్తే తల దించుకునేదాన్ని. "చదువు లేకపోతేనేం, విన్నది మర్చిపోవు కదే. నా వెంట రా" అన్నారు. ఎన్నిసార్లు వెళ్లానో! ఏ వంతెన దగ్గర ఆవిడ దగ్గేవారో కూడా నాకు గుర్తే. లారీ పోతున్నప్పుడు నా అరచెయ్యి వంతెన కమ్మీ మీద పెట్టించి, "చూడు, ఇంత ఇనుమూ వణుకుతోంది. వణకడానికి నీకెందుకే సిగ్గు?" అనేవారు.

తర్వాత గొంతుకు ఆపరేషనై ఆవిడ మాట పోయింది. చిన్న తెల్లబోర్డు మీద తెలుగులో రాసి చూపించారు: "నువ్వు చెప్పు. నేను పక్కన నడుస్తాను." సరేనన్నాను. ఆ శనివారం ఎమ్మెస్ చదివే పిల్లలు ఆరుగురు వచ్చారు. మూడు వంతెనలు బాగానే చెప్పాను. ఆవిడ మొహం వెలిగిపోతోంది. నాలుగో వంతెన చివర రాతి గది చూపించి, ఆవిడ ఎప్పుడూ అన్నట్టే, "ఈ గదిలో బ్రిడ్జి టెండర్ ఉండేవాడు" అన్నాను.

"గదిల టెండర్ ఉండుడేంది ఆంటీ? కాంట్రాక్టర్‌ని లోపలేసి తాళం పెట్టిన్రా?" అంది ఓ వరంగల్ అమ్మాయి. అందరూ పడిపడి నవ్వారు. "ఇంతకీ టెండర్ ఎవరికొచ్చిందండీ?" అన్నాడు ఇంకొకడు.

ఆ మాటకు అర్థం నాకెప్పుడూ తెలియదు. విన్నది అన్నాను, అంతే. పిల్లలు మంచివాళ్లే, ఉత్త హాస్యం. నేను మాత్రం తల దించుకున్నాను. రూతమ్మగారు గబగబా రాశారు: "వంతెనను కనిపెట్టుకుని ఉండేవాడు. చెప్పు." చదివాను. "నా వల్ల కాదండీ" అని పక్కకు తప్పుకున్నాను. ఆవిడే ముందుకు వెళ్లి, బోర్డు పైకెత్తి, ఒట్టి గాలి వస్తున్న గొంతుతో ఐదో వంతెన మొదలుపెట్టారు. పిల్లలు కాసేపు మర్యాదకు నిలబడ్డారు. "పర్లేదాంటీ, మీరు రెస్ట్ తీసుకోండి" అని ఒక్కొక్కరే లంచ్‌కి వెళ్లిపోయారు. ఆవిడ పెదాలు ఇంకా కదులుతూనే ఉన్నాయి.

రైల్లో ఆవిడ బోర్డు బయటికి తియ్యలేదు. మళ్లీ ఎవర్నీ తీసుకెళ్లలేదు. చలికాలం రాకముందే పోయారు. వీధి దాటి వెళ్లి క్షమించమని అడగడం నాకు చేతకాలేదు. ఆ కథలన్నీ, ఆవిడ ఊపిరి తీసుకునే చోట్లతో సహా, ఇప్పటికీ నా నోట్లోనే ఉన్నాయి. పోయిన ఆదివారం చర్చిలో కొత్తగా వచ్చినావిడ అడిగింది: "మీరు రూతమ్మగారితో తిరిగేవారట కదా, మాకూ ఆ బ్రిడ్జిలు చూపించరూ?"

"అబ్బే, నాకేం తెలియదండీ" అన్నాను.