థమ్ అన్న మాస్టారు

నా పెద్దపాప చెయ్యి బోగీ కమ్మీని పట్టుకుంది. కాళ్లింకా బిలాస్‌పూర్ ప్లాట్‌ఫాం మీదే ఉన్నాయి. అప్పుడు రైలు కదిలింది. చిన్నవాణ్ణి ఎత్తుకుని వెనకే పరిగెడుతున్న నాకు, పడిపోతుందేమోనని భయమేసింది. అయినా నోటివెంట వచ్చింది మాత్రం "ఎక్కేయ్, ఎక్కేయ్!" అనే. ఏడో తరగతి పిల్ల. నా మాట విని, కమ్మీ వదలకుండా రైలుతోపాటు పరిగెడుతోంది.

"థమ్!"

ఇక్కడి బళ్లలో డ్రిల్లు ఆపడానికి ఇచ్చే హిందీ ఆర్డరు అది. పాప టక్కున చెయ్యి వదిలి నిలబడిపోయింది. రైలు వెళ్లిపోయింది.

అరిచింది బెంచీ దగ్గరున్న ఓ పెద్దాయన. నా కేకలు విన్నారేమో, తెలుగులోనే కసిరారు. "ఏటమ్మా, రైలు మళ్లీ వస్తాది, పిల్లొస్తాదేటి?"

హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యారట. మీ డ్రిల్లే నా బిడ్డను కాపాడిందని దండం పెట్టాను. ఆయన తల అడ్డంగా ఊపారు.

"నువ్వు ఎక్కమంటే ఎక్కబోయింది, నేను ఆగమంటే ఆగింది. చెప్పినట్టు చెయ్యడమే నేర్పినాం మేం. ఇప్పుడొచ్చిన సార్లు, ఎప్పుడాగాలో పిల్లలకే తెలియాలంటన్నారు. అచ్ఛా, అదీ ఓ చదువేనా అని నవ్వీవోణ్ణి."

ఇప్పుడు ఆయన నవ్వడం లేదు.

ప్రయాణం మానుకుని ఇంటికొచ్చేశాం. మర్నాడు పొద్దున బడికి బూట్లు తొడుక్కుంటున్న పిల్లలిద్దరికీ చెప్పాను.

"పరిగెత్తమని అమ్మ అరిచినా సరే, మీకు భయమేస్తే ఆగిపోండి. నేను తిట్టను."